బాధ్యత ఒక్క మాటే, ఇంగ్లిష్‌లో నాలుగు

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ మొదలై మూడు వారాలు కూడా కాలేదు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖను చాలా కంపెనీలు రకరకాల సందేహాలు అడిగాయి. అందులో ఒకటి ఇది: ఫ్యాక్టరీ మూతపడింది, పని లేకపోయినా కార్మికులకు జీతాలు ఇస్తున్నాం, ఈ ఖర్చును సీఎస్ఆర్, అంటే కంపెనీలు చట్టప్రకారం చూపాల్సిన ‘సామాజిక బాధ్యత’ ఖర్చు కింద రాసుకోవచ్చా? ఏప్రిల్ 10న ఆ శాఖ ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. కుదరదు అంది.

ఎందుకు కుదరదో చెప్పిన తీరే ఆసక్తిగా ఉంటుంది. మామూలు రోజుల్లో జీతం ఇవ్వడం కాంట్రాక్టు ప్రకారం, చట్టం ప్రకారం ఉన్న ఆబ్లిగేషన్. లాక్‌డౌన్‌లో ఇవ్వడం మోరల్ ఆబ్లిగేషన్. ఈ రెండూ సీఎస్ఆర్‌లోకి రావు. జీతం ఇచ్చాక, దానికి పైన తాత్కాలిక కార్మికులకు, దినకూలీలకు ఎక్స్‌గ్రేషియా ఇస్తే మాత్రం ఈ ఒక్కసారికి ఒప్పుకుంటాం. అదీ జవాబు.

దీన్ని తెలుగులో రాసి చూడండి. ఒప్పందం ప్రకారం బాధ్యత, చట్టపరమైన బాధ్యత, నైతిక బాధ్యత, సామాజిక బాధ్యత. మొదటి మూడు బాధ్యతలూ బాధ్యతలే కానీ నాలుగో బాధ్యత కిందకి రావు! చదివేవాడికి తల తిరుగుతుంది. తప్పు సర్క్యులర్‌ది కాదు. ఇంగ్లిష్‌లో ఒక్కోదానికి ఒక్కో పేరుంటే, మనం అన్నిటినీ ఒకే గంపలో వేసి ‘బాధ్యత’ అని చీటీ అంటిస్తున్నాం. వ్యాపార నీతి గురించి ఏ కంపెనీ వార్షిక నివేదిక తీసినా, ఏ ఇంటర్వ్యూలో ఎథిక్స్ ప్రశ్న అడిగినా, చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఆ గంప కిందకి దించుదాం.

అపార్ట్‌మెంట్‌లో పై ట్యాంకు నిండగానే మోటారు కట్టేయడం వాచ్‌మన్ పని. అది అతని రెస్పాన్సిబిలిటీ. ఒకరోజు మర్చిపోయాడు. నీళ్లు పొర్లి పై అంతస్తులో ఒకరి సీలింగ్ పాడైంది. ఆదివారం మీటింగులో అందరి ముందు లేచి ఏం జరిగిందో, ఇకముందు ఏం చేస్తారో చెప్పాల్సింది వాచ్‌మన్ కాదు, అసోసియేషన్ సెక్రటరీ. ఆయనది అకౌంటబిలిటీ. పని కిందివాళ్లకు అప్పగించవచ్చు, జవాబు చెప్పడాన్ని అప్పగించడం కుదరదు. ఇక సీలింగ్ బాగుచేయడానికి డబ్బు ఎవరి ఖాతాలోంచి కదులుతుంది? అసోసియేషన్ ఖాతాలోంచి. అది లయబిలిటీ. ప్రతి నెలా మెయింటెనెన్స్ కట్టాలని బైలాలో రాసి ఉంటుంది కదా, ఇష్టం ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే, అది ఆబ్లిగేషన్. నలుగురు మనుషులు, నాలుగు మాటలు. తెలుగులో నలుగురిదీ బాధ్యతే.

నిజానికి మన దగ్గర మాటలు లేక కాదు. అకౌంటబిలిటీకి జవాబుదారీ ఉంది. లయబిలిటీకి పూచీ ఉంది, పాత కాగితాల్లో పూచీకత్తు అని ఇప్పటికీ కనిపిస్తుంది. ‘నాది పూచీ’ అన్నవాడు రేపు డబ్బు కట్టాల్సి వస్తే కడతాడు. ‘నాది బాధ్యత’ అన్నవాడు ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. ఎందుకో మన పత్రికల భాషలో పూచీ పక్కకు పోయి, మెత్తగా ఉండే బాధ్యత ఆ కుర్చీలో కూర్చుంది. దాంతో లిమిటెడ్ లయబిలిటీ కంపెనీని ‘పరిమిత బాధ్యత’ కంపెనీ అంటున్నాం. వినడానికి, మేం కొంచెమే బాధ్యతగా ఉంటాం అని బోర్డు పెట్టుకున్నట్టు ఉంటుంది. అసలు అర్థం వేరు. కంపెనీ దివాలా తీస్తే వాటాదారుడు తను పెట్టిన డబ్బు వరకే పోగొట్టుకుంటాడు, అతని ఇల్లూ పొలమూ అప్పులవాళ్లు పట్టుకుపోలేరు. లిమిట్ ఉన్నది వాటాదారుడి పూచీకే. కంపెనీ చేసిన పనికి కంపెనీ పూచీకి లిమిట్ ఏమీ లేదు.

ఈ తేడా కాగితాలకు పరిమితం కాదని విశాఖపట్నం చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో మృతుడి కుటుంబానికి కోటి రూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మర్నాడు జాతీయ హరిత ట్రిబ్యునల్, జరిగిన నష్టం కింద జిల్లా కలెక్టరు దగ్గర 50 కోట్లు జమ చేయమని కంపెనీని ఆదేశించింది.

రెండూ డబ్బే, కానీ రెండూ ఒకటి కాదు. ఎక్స్‌గ్రేషియా లాటిన్ మాట. దయతో ఇచ్చేది అని దాని అర్థం. ఇచ్చేవాడు బాకీ ఉన్నానని ఒప్పుకోడు, తీసుకునేవాడు ఇది నా హక్కు అని అడగలేడు. నష్టపరిహారం అలా కాదు, అది బాకీ. కోర్టుకెళ్లి అడగవచ్చు, ఇంత చాలదని వాదించవచ్చు. మన వార్తల్లో ఒకే కథనంలో పై లైన్లో ఎక్స్‌గ్రేషియా, కింద లైన్లో నష్టపరిహారం అని రాస్తారు, రెండూ ఒకటే అన్నట్టు. బస్సు ప్రమాదం జరిగినా, బాణసంచా షెడ్డు పేలినా ఇదే వరస. కంపెనీ తరఫున మాట్లాడే లాయరు మాత్రం ఈ రెండిటినీ ఎప్పుడూ కలపడు. ‘మానవతా దృక్పథంతో సాయం’ అని ఎక్కడైనా రాసి ఉంటే, మా మీద పూచీ లేదు అనే వాక్యం దాని వెనకే నిలబడి ఉందని అర్థం.

లయబిలిటీలో మళ్లీ రెండు రకాలున్నాయి, ఈ రెండూ వెంకటాపురం విషయంలోనే ఎదురుపడ్డాయి. స్ట్రిక్ట్ లయబిలిటీ 1868 నాటి ఇంగ్లండ్ తీర్పుతో స్థిరపడింది. ఒకాయన తన భూమిలో నీళ్ల చెరువు కట్టించుకుంటే ఆ నీళ్లు పొరుగువాడి బొగ్గు గనిలోకి పోయాయి. నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా, ప్రమాదకరమైనదాన్ని తెచ్చి పెట్టుకున్నవాడే నష్టం భరించాలన్నది సూత్రం. అయితే దానికి మినహాయింపులున్నాయి: దైవికంగా జరిగిందనో, ఎవరో మూడో మనిషి చేశాడనో తప్పించుకోవచ్చు. భోపాల్ గ్యాస్ ప్రమాదం జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరులో ఢిల్లీలోని ఒక ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986లో జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, ఇంగ్లండ్ సూత్రం మనకు చాలదంది. ప్రమాదకర పరిశ్రమ నడుపుకునేవాడికి ఏ మినహాయింపూ లేదు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. అది అబ్సొల్యూట్ లయబిలిటీ.

విశాఖ ఘటనపై ట్రిబ్యునల్ ఇచ్చిన మొదటి ఉత్తర్వులో ‘స్ట్రిక్ట్’ అని ఉంది. అలా రాయగానే చట్టం తెలిసినవాళ్లు అభ్యంతరం చెప్పారు, మనకు అంతకంటే గట్టి సూత్రం ఉండగా ముప్పై ఏళ్లు వెనక్కి ఎందుకు వెళ్లారని. తర్వాతి ఉత్తర్వులో దాని పక్కన ‘అబ్సొల్యూట్’ కూడా వచ్చి చేరింది. తెలుగులో ఈ రెండిటికీ ‘కఠిన బాధ్యత’, ‘సంపూర్ణ బాధ్యత’ అని రాస్తారు. వింటే ఏది ఎక్కువో చెప్పలేం. మినహాయింపు ఉన్న పూచీ, మినహాయింపు లేని పూచీ అంటే పదో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది.

వెంకటాపురం వాళ్లు ఆ కంపెనీకి ఏమవుతారు? షేర్‌హోల్డర్లు కారు, ఒక్క షేరూ లేదు. ఉద్యోగులు కారు, కస్టమర్లు కారు. వాళ్లు స్టేక్‌హోల్డర్లు. ఈ మాటను మన పత్రికలు ‘భాగస్వాములు’ అంటాయి, ఇంకా అన్యాయంగా కొన్నిసార్లు ‘వాటాదారులు’ అంటాయి. భాగస్వామి అంటే లాభంలో పాలు ఉన్నవాడు. స్టేక్‌హోల్డర్‌కు లాభంలో పాలు ఉండాలని లేదు, కంపెనీ చేసే పని వల్ల బాగుపడేవాడో, చెడిపోయేవాడో అయితే చాలు. ఫ్యాక్టరీ గోడ అవతల పడుకున్నవాడు, దాని మురుగు కలిసే చెరువులో చేపలు పట్టేవాడు, బిల్లు ఎప్పుడు పాసవుతుందా అని ఎదురుచూసే చిన్న సప్లయరు, వీళ్లంతా అదే లెక్కలోకి వస్తారు. ‘ప్రభావితులు’ అనడం నాకు నచ్చుతుంది, కానీ ఎవరూ వాడరు కాబట్టి స్టేక్‌హోల్డర్ అనే రాస్తున్నాను.

కంపెనీ ఎవరి కోసం అనే తగువు ఈ రెండు మాటల మధ్యే. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో, వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత లాభం పెంచడమేనని రాశాడు. షేర్‌హోల్డర్ పక్షం వాళ్లకు అది మంత్రం. అయితే ఆ వాక్యానికి ఆయనే పెట్టిన షరతు చాలామంది వదిలేస్తారు: ఆట నియమాలకు లోబడి, మోసం దగా లేకుండా, పోటీలో నిలబడి. ఆ షరతు గట్టిగా పాటించినా సగం కుంభకోణాలు జరిగేవి కావు.

ఇప్పుడు సీఎస్ఆర్ దగ్గరికి వద్దాం. ప్రపంచంలో చాలా చోట్ల కార్పొరేట్ సోషల్ రెస్పాన్సిబిలిటీ అంటే కంపెనీ తన వ్యాపారాన్ని ఎలా నడుపుతుంది అన్న ప్రశ్న. కూలి ఎంత ఇస్తుంది, నీళ్లు ఎక్కడ వదులుతుంది, పిల్లలతో పని చేయిస్తుందా, ఇవన్నీ అందులోకి వస్తాయి. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ వచ్చి, 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైన తర్వాత ఆ మాటకు అర్థమే మారిపోయింది. సంపాదించేటప్పుడు ఎలా ప్రవర్తించావు అనే ప్రశ్న పోయి, సంపాదించాక ఎంత ఖర్చు పెట్టావు అనే లెక్క మిగిలింది. మన దగ్గర సీఎస్ఆర్ అంటే రెండు శాతం. అంతే.

లెక్క ఇలా ఉంటుంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడిట్లో ఏ ఒక్కటి చేరినా, దాటినా ఆ కంపెనీకి సెక్షన్ వర్తిస్తుంది. గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. వరుసగా 8, 10, 12 కోట్ల లాభం వస్తే సగటు 10 కోట్లు, ఖర్చు 20 లక్షలు. ఏం చేయవచ్చో చట్టంలోని ఏడో షెడ్యూలులో ఉంది: ఆకలి, చదువు, ఆరోగ్యం, పర్యావరణం, చారిత్రక కట్టడాలు, క్రీడలు, ఇలా. ఏం చేస్తే లెక్కలోకి రాదో నియమాల్లో ఉంది: సొంత ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చేవి, పార్టీలకిచ్చే చందాలు, పేరు కోసం చేసే స్పాన్సర్‌షిప్‌లు, మామూలుగా చేసే వ్యాపారం. తను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం అంటుంది. ఫ్యాక్టరీ పక్క ఊళ్లో ఆర్వో ప్లాంటు మీద, స్కూలు బెంచీల మీద కంపెనీ పేరు కనిపించేది అందుకే.

ఇందులో తెలుగు రాష్ట్రాలవాళ్లు అప్పట్లో చిరాకు పడిన ముక్క ఒకటుంది. అదే 2020 సర్క్యులర్ ప్రకారం ప్రధానమంత్రి పేరిట ఉన్న పీఎం కేర్స్ నిధికి ఇస్తే సీఎస్ఆర్, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే కాదు. ఏడో షెడ్యూలులో దాని పేరు లేదు. హైదరాబాద్‌లో లాభం సంపాదించిన కంపెనీ హైదరాబాద్‌లోనే ముఖ్యమంత్రి చేతికి చెక్కు ఇచ్చి ఫొటో దిగితే అది దానం అవుతుంది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇస్తే సీఎస్ఆర్ అవుతుంది. డబ్బు ఒకటే, ఊరు ఒకటే, కాగితం మీద మాట వేరు.

దానానికీ సీఎస్ఆర్‌కూ తేడా కూడా ఇక్కడే ఉంది. ఫిలాంత్రపీ అంటే దాత ఇష్టం. ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. సీఎస్ఆర్ మొదట్లో మధ్యస్థంగా ఉండేది: ఖర్చు చేయాలి, చేయకపోతే ఎందుకు చేయలేదో డైరెక్టర్ల నివేదికలో కారణం రాయాలి. దీన్ని కంప్లై ఆర్ ఎక్స్‌ప్లెయిన్ అంటారు. పాటించు, లేదా సంజాయిషీ చెప్పు. చట్టంలో ఒక చోట ‘షల్’, అంటే ‘చేసి తీరాలి’ అని ఉన్నా, పక్క వాక్యంలో కిటికీ తెరిచి పెట్టారన్నమాట. సరైన ప్రాజెక్టు దొరకలేదు అని రాసి చాలామంది ఆ కిటికీలోంచి దూకారు. 2021 జనవరిలో ఆ కిటికీ మూశారు. ఖర్చు కాని డబ్బును గడువులోగా ప్రభుత్వం చెప్పిన నిధికి మార్చాలి. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టు అయితే విడిగా ఖాతా తెరిచి మూడేళ్లలో వాడాలి. చేయకపోతే ఆ మొత్తానికి రెట్టింపు, లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. అంటే రెస్పాన్సిబిలిటీ పేరుతో పుట్టినది ఏడేళ్లలో ఆబ్లిగేషన్ అయి కూర్చుంది. పేరు మాత్రం మార్చలేదు.

ఎథిక్స్, కంప్లయన్స్ అనే జంట కూడా ఇలాంటిదే. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఏటా ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ ఉండేది, పేరు ఎథిక్స్ అండ్ కంప్లయన్స్. 40 స్లైడ్లు, చివర పది ప్రశ్నలు, ఎనిమిది కరెక్టయితే సర్టిఫికెట్. పక్క సీటతను జవాబులన్నీ ఒక నోట్‌ప్యాడ్‌లో దాచి టీమ్ మొత్తానికి పంపేవాడు. ఎథిక్స్ పరీక్షలో కాపీ కొట్టడంలో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు, నాతో సహా. గడువులోగా సర్టిఫికెట్ వచ్చిందా లేదా అన్నదే మేనేజరు టెన్షన్. అక్కడ మాకు జరిగింది కంప్లయన్స్. నియమం అడిగినది నియమం అడిగినంత చేయడం. ఎథిక్స్ అంటే నియమం లేని చోట, చూసేవాడు లేని చోట ఏం చేస్తావన్నది.

ఆ ట్రైనింగ్‌లో ఫెసిలిటేషన్ పేమెంట్ అని ఒక మాట వచ్చేది. ఆఫీసులో మన ఫైలు ఎలాగూ కదలాల్సిందే, కాస్త త్వరగా కదలడానికి ఇచ్చే చిన్న మొత్తం. స్లైడు మీద ఆ మాట చూసి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ‘మామూళ్లు సార్’ అని వెనక నుంచి ఒకరు అనగానే గదంతా నవ్వింది, అందరికీ అర్థమైంది. ఆలోచిస్తే మన మాటే ఎక్కువ నిజం చెబుతుంది. మామూలు అంటే రివాజు, ఎప్పుడూ ఉండేదే. లంచం రివాజుగా మారిపోయిందని ఆ పదంలోనే ఉంది. ఇంగ్లిష్ మాటేమో దాన్ని ఒక సర్వీసు చార్జీలా చూపిస్తుంది. చట్టాలు కూడా దీని మీద ఒక్క తాటిపై లేవు. 1977 నాటి అమెరికా విదేశీ అవినీతి చట్టం ఇలాంటి చిన్న చెల్లింపులకు మినహాయింపు ఇస్తుంది. 2010 నాటి బ్రిటన్ లంచాల చట్టం ఇవ్వదు. మన అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. కంపెనీ తరఫున ఎవరైనా ఇస్తే కంపెనీ కూడా ఇరుక్కుంటుంది, అలా జరగకుండా సరైన ఏర్పాట్లు చేశామని నిరూపించుకుంటే తప్ప. ఆ ‘సరైన ఏర్పాట్ల’ రుజువు కోసమే మన 40 స్లైడ్లు.

ఈఎస్‌జీ గురించి ఎక్కువ చెప్పను. పర్యావరణం, సమాజం, గవర్నెన్స్ అనే మూడింటి పొట్టి పేరు. పెట్టుబడి పెట్టేవాళ్ల కొలబద్ద అది. సీఎస్ఆర్ ఖర్చు చెబితే, ఇది ప్రవర్తన అడుగుతుంది. మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి దీని మీద స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన నమూనాలో నివేదిక ఇవ్వాలి. నివేదిక ఉన్న చోట పూత ఉంటుంది, ఆ పూతకు గ్రీన్‌వాషింగ్ అని పేరు. గోడకు సున్నం కొట్టినట్టు ఆకుపచ్చ రంగు కొట్టడం. పెద్ద ఉదాహరణ 2015 నాటి ఫోక్స్‌వాగన్: క్లీన్ డీజిల్ అని అమ్మిన బండ్లలో, పరీక్ష జరుగుతోందని పసిగట్టి పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ దొరికింది. అలాంటివి ప్రపంచమంతటా కోటీ పది లక్షల బండ్లు. మన దగ్గర 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’ అని డబ్బా మీద రాస్తే, ఏ విధంగా అన్నది కూడా చెప్పాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే కంపెనీలో చూడాలంటే హైదరాబాద్ దాటి పోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కు 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. గవర్నెన్స్‌ను పాలన అంటే తాసీల్దారు ఆఫీసు గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు: కంపెనీని నడిపేవాళ్లను ఎవరు, ఎలా అదుపులో పెడతారు అన్న ఏర్పాటు. ఆ ఏర్పాటులో ముఖ్యుడు ఇండిపెండెంట్ డైరెక్టర్. యజమాని చుట్టం కాకూడదు, అతని మీద ఆధారపడకూడదు, బోర్డులో కూర్చుని కాదు అనగలగాలి. సత్యం బోర్డులో అలాంటి కుర్చీల్లో హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, పెంటియం చిప్ రూపకర్తగా పేరున్న ఇంజనీరు ఉన్నారు, కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శిగా చేసిన అధికారి ఉన్నారు.

2008 డిసెంబరు 16న ఆ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొనాలని. ఇంగ్లిష్‌లో సత్యం అక్షరాలు వెనక నుంచి చదివితే మేటాస్. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే ఆ కంపెనీలు. దీన్ని రిలేటెడ్ పార్టీ ట్రాన్సాక్షన్ అంటారు, అంటే సొంతవాళ్ల మధ్య లావాదేవీ. అది దానంతట అది తప్పు కాదు. బావమరిది షాపులో కొనడం నేరమా? కాదు. ధర బయటివాడికి చెప్పే ధరే అయి ఉండాలి, దాన్ని ఆర్మ్స్ లెంగ్త్ అంటారు, చుట్టరికం పక్కనపెట్టి బేరం ఆడడం. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటి మనిషి అయినప్పుడు ఎవరి లాభం చూస్తాడన్నదే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్. దీన్ని ‘ప్రయోజనాల ఘర్షణ’ అంటే ఇద్దరు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. కొట్టుకునేది ఒకే మనిషిలోని రెండు కుర్చీలు. తప్పు జరిగితేనే అది ఉన్నట్టు కాదు, జరిగే వీలుంటే చాలు. అందుకే దాన్ని ముందే బయటపెట్టాలి, ఆ నిర్ణయం నుంచి పక్కకు తప్పుకోవాలి.

బోర్డు ఒప్పుకుంది. షేర్‌హోల్డర్లు ఒప్పుకోలేదు. న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా పడింది, కొన్ని గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. తర్వాత ఒక అజ్ఞాత మెయిల్ బోర్డు డైరెక్టర్లలో ఒకరికి చేరింది, లెక్కలు తప్పని. పంపినవాడిని విజిల్‌బ్లోయర్ అంటారు. మన పత్రికలు దీనికి ప్రజావేగు అనే మాట కట్టాయి. చక్కగానే ఉంది కానీ వేగు అంటే గూఢచారి, రహస్యం అవతలివాడికి చేరవేసేవాడు. విజిల్ ఊదేవాడు రహస్యంగా ఊదడు, అందరికీ వినపడాలనే ఊదుతాడు. పేరు దాచుకుంటాడంటే ఉద్యోగం పోతుందన్న భయంతో. ఇప్పటి కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు ఇలాంటివాళ్లకు ఒక దారి, కొంత రక్షణ ఏర్పాటు చేయాలి.

2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. 5,361 కోట్లు ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. లేని ఆస్తులను ఉన్న ఆస్తులతో పూడ్చడానికే మేటాస్ కొనాలనుకున్నామని ఆయనే రాశారు. పులి మీద స్వారీ చేస్తున్నట్టు ఉంది, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదని కూడా. షేరు ఆ ఒక్క రోజే మూడొంతులకు పైగా విలువ పోగొట్టుకుంది. గోల్డెన్ పీకాక్ వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనకు, మరికొందరికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది.

లయబిలిటీ సంగతి చూడండి. ఆ తర్వాత కంపెనీ అమెరికాలో షేరు కొన్నవాళ్లకు క్లాస్ యాక్షన్ దావాలో, అంటే నష్టపోయినవాళ్లంతా కలిసి వేసే దావాలో, 12 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది. అదే షేరు, అదే అబద్ధాన్ని నమ్మి అమీర్‌పేటలో కూర్చుని కొన్నవాడికి అప్పట్లో అలాంటి దావా వేసే దారే కంపెనీల చట్టంలో లేదు. 2013 చట్టంలో 245వ సెక్షన్‌గా వచ్చింది.

ఇదంతా ఒక వైపు. అదే రామలింగరాజు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సర్వీసు మొదలుపెట్టారు. కుటుంబం పేరుతో ఉన్న ఫౌండేషన్ పల్లెల్లో మంచినీళ్లు, మరుగుదొడ్లు, బళ్ల పనులు చేసింది. అప్పటికి 135వ సెక్షన్ లేదు, రెండు శాతం లేదు, ఎవరూ అడగలేదు. సీఎస్ఆర్ లెక్కలో చూస్తే ఆ కాలానికి అది మొదటి ర్యాంకు. అదే సంవత్సరాల్లో, అదే నగరంలో, అబద్ధపు ఇన్‌వాయిస్‌లు, లేని ఫిక్స్‌డ్ డిపాజిట్ల రసీదులు తయారవుతున్నాయి. 108 మంచి పని కాదని నేను అనలేను. దానివల్ల బతికినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. మంచి పని కాబట్టి లెక్కలు సరే అనీ అనలేను. ఆ రెండు వాక్యాలకూ ఒకే మాట వాడినప్పుడే మనం ఇరుక్కుంటాం, ‘ఎంత బాధ్యత గల మనిషి, ఇలా చేశాడా’ అని. 2009 జనవరిలో ఆయన సొంత ప్రాంతమైన భీమవరం వైపు బస్సుల్లో, టీ కొట్ల దగ్గర ఆ మాట చాలా వినపడింది.

సత్యం పేరు 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 108కి ఫోన్ చేస్తే ఇప్పటికీ బండి వస్తుంది.